పండరి నడకకు చెప్పులు

ఆషాఢ ఏకాదశికి ఆళంది నుంచి పండరిపురం దాకా నడక సుమారు 250 కిలోమీటర్లు, దాదాపు మూడు వారాలు. షోలాపురంలోని మన తెలుగువారికి పండరి దగ్గరి క్షేత్రమే. నడిచేవారిని దారిలో బస్సెక్కించేది తరచు అలసట కాదు, చిన్న బొబ్బ.

కొల్హాపురి చెప్పు గట్టిదే గాని, వానకు తోలు నాని సాగుతుంది. అందుచేత ఆషాఢపు నడకకు రబ్బరు అడుగూ, మడమ వెనుక పట్టీ వున్నవే మేలని మేమంటాము. సాయంత్రం పూట కొనాలి. అప్పటికి పాదం కొంచెం ఉబ్బి వుంటుంది. పట్టీల లోపలి కుట్టు వేలితో తడిమి చూడాలి. గరుకు తగిలిన చోటనే బొబ్బ లేస్తుంది. ప్రయాణానికి పదిహేను రోజుల ముందునుంచే వేసుకు తిరగాలి.

పెద్దవారు "నాకెందుకు కొత్తవి" అంటారు. ఆ మాట వినక వారినే అంగడికి తీసుకుపోదాము. మధుమేహం వున్నవారికి పుండు పడినా నొప్పి తెలియకపోవచ్చు. రాత్రి బసలో వారి అరికాళ్ళు మనమే చూద్దాము.