ఉదయగిరి కోట: యుద్ధం కాబూల్‌లో.. జాగీరు పోయింది నెల్లూరు జిల్లాలో! 1839లో అసలేం జరిగింది?

ఉదయగిరి దుర్గం అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు శ్రీకృష్ణదేవరాయలు. ఆయన ముట్టడి, గజపతుల ఓటమి, ఇక్కడి నుంచి హంపీకి వెళ్లిన బాలకృష్ణ విగ్రహం.. ఈ కథలన్నీ సీతారామపురం, ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్తారు. కానీ ఇదే కోటకు ఇంకో కథ ఉంది. అది రాయల కాలానికి మూడు వందల ఏళ్ల తర్వాతిది. అందులో ఫిరంగుల మోత లేదు, ముట్టడి లేదు. ఒక అనుమానం, ఒక విచారణ, ఒక జప్తు.. అంతే. దాంతో ఉదయగిరి చివరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్ ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చింది.

విచిత్రం ఏంటంటే, ఈ కథకు మూలం నెల్లూరులో లేదు. వేల కిలోమీటర్ల దూరంలోని అఫ్గానిస్తాన్‌లో ఉంది. అక్కడి యుద్ధానికీ ఇక్కడి కొండకూ సంబంధం ఏంటి? ఒక్కో ముడీ విప్పి చూద్దాం.

కొండ మీద 8.. కింద 5

నెల్లూరుకు వాయవ్యంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, వెలిగొండల వరుసలో ఉంటుంది ఉదయగిరి. కొండ ఎత్తు 3,000 అడుగుల పైమాటే. మొత్తం 13 కోటలు.. 8 కొండ మీద, 5 కింద. ఇంత కట్టడం ఎందుకంటే, కోస్తా నుంచి కడప వైపు కొండలు దాటి వెళ్లే దారుల మీద కన్నేసి ఉంచడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. అందుకే గజపతులు, విజయనగర రాజులు, గోల్కొండ సుల్తానులు.. అందరూ దీని కోసం పోటీ పడ్డారు. 1513లో మొదలైన రాయల ముట్టడి ఏడాదికి పైగా సాగింది. కొండ మీద ఈరోజుకీ గుళ్లు, మసీదులు రెండూ కనిపించేది అందుకే.

ఆ తర్వాత ఆర్కాటు నవాబుల కాలం వచ్చింది. ఉదయగిరి ముస్తఫా అలీ ఖాన్ వంశం చేతిలో జాగీరుగా ఉండిపోయింది. జాగీరు అంటే ఒక ప్రాంతం మీద వచ్చే శిస్తును అనుభవించే హక్కు. బదులుగా జాగీర్దారు పాలకుడికి విధేయంగా ఉండాలి, అవసరమైతే మనుషుల్ని పంపాలి. 1801లో ఆర్కాటు నవాబుతో ఒప్పందం చేసుకుని కర్ణాటక రాజ్యాన్ని, దాంతోపాటు నెల్లూరు ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీ తన చేతుల్లోకి తీసుకుంది. ఉదయగిరి జాగీరు మాత్రం అలాగే కొనసాగింది. అంటే చుట్టూ కంపెనీ కలెక్టర్ల పాలన, మధ్యలో పాత కాలపు జాగీరు అన్నమాట!

1839.. ఒకే ఏడాదిలో ఎన్ని జరిగాయో!

ఇప్పుడు ఒక్కసారి ఆ ఏడాది క్యాలెండర్ తిప్పి చూద్దాం.

జనవరిలో కంపెనీ బలగాలు అరేబియా తీరంలోని ఏడెన్ రేవును ఆక్రమించాయి. జూన్‌లో చైనాలో లిన్ జెషు అనే అధికారి బ్రిటిష్ వ్యాపారుల నల్లమందును నాశనం చేయించాడు. నల్లమందు యుద్ధానికి అదే నిప్పురవ్వ. అదే నెల 27న పంజాబ్ మహారాజు రంజిత్ సింగ్ చనిపోయారు. జూలై 23న కంపెనీ సైన్యం అఫ్గానిస్తాన్‌లోని గజనీ కోటను పట్టుకుంది. ఆగస్టులో కాబూల్ చేరి, దోస్త్ మొహమ్మద్‌ను తప్పించి షా షుజాను గద్దె మీద కూర్చోబెట్టింది.

ఈ అఫ్గాన్ యుద్ధం ఎందుకు? రష్యా భయం! 1837లో పర్షియా సైన్యం అఫ్గాన్ సరిహద్దులోని హెరాత్ నగరాన్ని ముట్టడించింది. వెనక రష్యా ఉందని బ్రిటిష్ వాళ్ల అనుమానం. ఈరోజు హెరాత్, రేపు కాబూల్, ఎల్లుండి ఢిల్లీ.. ఇలా సాగింది గవర్నర్ జనరల్ ఆక్లాండ్ ప్రభుత్వం లెక్క.

సైన్యమేమో వాయవ్య దిక్కుకు వెళ్లిపోయింది. మరి వెనక దేశం లోపల ఎవరైనా తిరగబడితే? కంపెనీ అధికారులకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇదే. పైగా మద్రాసు రాష్ట్రంలో వాళ్లకు 1806 నాటి వెల్లూరు తిరుగుబాటు ఇంకా గుర్తుంది. ఒక్క రాత్రిలో కోటలోని సిపాయిలు తిరగబడి, వంద మందికి పైగా తెల్ల సైనికుల్ని చంపారు. అదే కోటలో ఉన్న టిప్పు సుల్తాన్ కొడుకుల మీదే అనుమానం పడింది. పాత రాజకుటుంబాలు, సిపాయిలు, మతం.. ఈ మూడూ కలిస్తే ప్రమాదం అన్నది అప్పటి నుంచి కంపెనీ లెక్క.

ఎవరీ 'వహాబీలు'?

ఉత్తరాదిలో రాయబరేలీకి చెందిన సయ్యద్ అహ్మద్ ఒక మత సంస్కరణ ఉద్యమం నడిపారు. 1831లో బాలాకోట్ దగ్గర సిక్కు సైన్యంతో పోరాడుతూ చనిపోయారు. ఆయన అనుచరులు మాత్రం దేశమంతా తిరుగుతూ బోధలు కొనసాగించారు. దర్గాల దగ్గర మొక్కులు, ఉరుసులు వద్దన్నది వాళ్ల బోధల్లో ఒకటి. బ్రిటిష్ వాళ్లు వీళ్లకు పెట్టిన పేరు 'వహాబీలు'. తమను తాము వాళ్లు అలా పిలుచుకునేవారు కాదు.

హైదరాబాద్, కర్నూలు, నెల్లూరు.. ఈ చోట్లకు ఇలాంటి బోధకులు వచ్చి వెళ్తున్నారన్న సమాచారం కంపెనీ అధికారులకు చేరింది. నెల్లూరు జిల్లా అధికారులు నిఘా పెట్టారు. విషయం హైదరాబాద్‌లో రెసిడెంట్‌గా ఉన్న జేమ్స్ స్టువర్ట్ ఫ్రేజర్ దాకా వెళ్లింది. ఆ తర్వాత వరసగా మూడు పేర్లు బయటికొచ్చాయి.

ముగ్గురు.. మూడు ముగింపులు

మొదటి పేరు ముబారిజ్-ఉద్-దౌలా. నిజాం నాసిర్-ఉద్-దౌలాకు స్వయానా తమ్ముడు. అంతకుముందు నుంచే కంపెనీ అంటే ఆయనకు పడదు. 1839లో ఆయన్ను పట్టుకుని గోల్కొండ కోటలో బంధించారు. 1854లో బందీగానే కన్నుమూశారు.

రెండో పేరు కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్. కోటలో రహస్యంగా ఆయుధాలు పోగేస్తున్నారన్నది ఆరోపణ. కంపెనీ బలగాలు వెళ్లి వెతికితే నిజంగానే పెద్ద ఎత్తున ఫిరంగులు, మందుగుండు దొరికాయి. 1839 అక్టోబరులో కర్నూలు దగ్గరి జొహరాపురంలో పోరు జరిగింది. నవాబు పట్టుబడ్డారు. ఆయన్ను తిరుచిరాపల్లికి తరలించారు. 1840లో అక్కడే హత్యకు గురయ్యారు. కర్నూలు రాజ్యం కంపెనీ చేతిలోకి వెళ్లిపోయింది.

మూడో పేరు మన ఉదయగిరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్. రాజద్రోహపు కుట్రలో భాగం ఉందని తేల్చి, ఆయన్ను చెంగల్పట్టుకు పంపేశారు. జాగీరు రద్దయింది. తరాలుగా ఒక వంశం కింద ఉన్న ఊళ్లు నేరుగా కంపెనీ శిస్తు లెక్కల్లో చేరిపోయాయి.

'సైరా' సినిమా చూసినవాళ్లకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ తెలుసు. ఆ తిరుగుబాటు 1846లో మొదలైంది. 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఆయన్ను ఉరి తీశారు. అంటే దానికి ఏడేళ్ల ముందే, అదే కర్నూలు నేల మీద, పక్కనే ఉన్న ఉదయగిరిలో పాత పాలకుల్ని ఒక్కొక్కరిగా తప్పించడం అయిపోయింది. ఈ ముక్క మాత్రం సినిమాల్లో లేదు, పాఠాల్లోనూ పెద్దగా లేదు.

ఇంతకీ కుట్ర నిజమేనా?

అసలు ప్రశ్న ఇదే. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం.

ఒకవైపు చూస్తే, కర్నూలులో దొరికిన ఆయుధాలు కల్పన కాదు. కంపెనీకి పేష్కష్ కట్టే ఒక చిన్న నవాబుకు అన్ని ఫిరంగులు ఎందుకు అన్న ప్రశ్న సహజమే. బోధకులు తిరిగింది కూడా నిజమే. కంపెనీ పాలన మీద జనంలో అసంతృప్తి ఉన్నదీ నిజమే.

ఇంకోవైపు చూస్తే, ఈ ముగ్గుర్నీ ఒకే కుట్రగా కలిపే తాడు ఎంత గట్టిది? నవాబులు, జాగీర్దార్లు అంటేనే దర్గాలకు మాన్యాలు ఇచ్చి పోషించినవాళ్లు. మొహర్రం పీర్లను ఘనంగా జరిపించినవాళ్లు. ఉదయగిరికి దగ్గర్లోని ఏఎస్ పేట దర్గానే చూడండి.. హిందువులు, ముస్లింలు ఇద్దరూ వెళ్లి మొక్కుకునే చోటు. ఈ ప్రాంత సంప్రదాయం అది. దాన్ని తప్పుబట్టే బోధకులతో ఇక్కడి పెద్దలు చేతులు కలిపారనడం అంత తేలిగ్గా అతకదు.

ఈ ఘటన మీద చరిత్రకారుడు చంద్ర మల్లంపల్లి ఒక పూర్తి పుస్తకమే రాశారు. 2017లో ఇంగ్లిష్‌లో వచ్చిన ఆ పుస్తకం పేరును తెలుగులో చెప్పుకుంటే 'బ్రిటిష్ ఇండియాలో ముస్లిం కుట్ర?' అని. పేరు చివర ప్రశ్నార్థకం ఉండటమే ఇక్కడ ముఖ్యం. అఫ్గాన్ యుద్ధ సమయంలో అధికారుల్లో పెరిగిన భయం, స్థానిక రాజకీయాలు కలిసి ఈ వ్యవహారానికి ఎలా రూపం ఇచ్చాయో ఆయన అందులో చర్చించారు.

అంటే విషయం ఇలా అర్థం చేసుకోవచ్చు. మామూలు రోజుల్లో అయితే ఒక బోధకుడు ఊరికి రావడం, ఒక జాగీర్దారు అతనికి భోజనం పెట్టడం పెద్ద వార్త కాదు. యుద్ధం నడుస్తున్నప్పుడు అదే విషయం ఫైల్లో 'సాక్ష్యం' అయిపోతుంది. తీర్పు చెప్పేది కూడా అనుమానించిన ప్రభుత్వమే. జాగీరు రద్దయితే శిస్తు వెళ్లేది కూడా దాని ఖజానాకే!

యుద్ధానికి వెళ్లింది కూడా మనవాళ్లే

ఇక్కడ ఇంకో కోణం ఉంది. కంపెనీ యుద్ధాలు చేసింది తెల్ల సైనికులతో మాత్రమే కాదు. ఎక్కువ మంది ఇక్కడి సిపాయిలే. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని 'తిలంగా' అని పిలిచేవారంటే, ఆ మాట తెలుగు నేల నుంచి వెళ్లిందే.

1839లో చైనాలో రాజుకున్న నిప్పు యుద్ధంగా మారాక, మద్రాసు సైన్యంలోని 37వ పటాలం ఆ యుద్ధానికి వెళ్లింది. 1841 మేలో కాంటన్ దగ్గర సన్‌యువాన్‌లీ అనే చోట ఈ పటాలానికి చెందిన ఒక దళం భారీ వర్షంలో దారి తప్పి, వేలమంది గ్రామస్తుల మధ్య చిక్కుకుంది. తుపాకుల మందు తడిసిపోయింది. చివరికి సహాయ బలగాలు వచ్చి వాళ్లను బయటపడేశాయి. చైనాలో ఈ ఘటన విదేశీయుల మీద ప్రజల ప్రతిఘటనగా పాఠ్యపుస్తకాల్లో ఉంది. అక్కడ చిక్కుకున్న సిపాయిల కథ మనకు ఎక్కడా కనిపించదు.

1842లో నాన్‌జింగ్ ఒప్పందంతో హాంకాంగ్ బ్రిటిష్ వాళ్లకు దక్కింది. అంటే మద్రాసు రాష్ట్రం ఒక చేత్తో తన జాగీరు పోగొట్టుకుంటూ, రెండో చేత్తో వేరేవాళ్ల రేవును గెలిచి పెట్టింది!

చివరికి కాబూల్ ఏమైంది?

1842 జనవరిలో కాబూల్ నుంచి కంపెనీ సైన్యం వెనక్కి బయల్దేరింది. సైనికులు, వెంట ఉన్న పనివాళ్లు, కుటుంబాలు కలిపి సుమారు 16,000 మంది. మంచు, ఆకలి, దాడుల్లో దాదాపు అందరూ చనిపోయారు, లేదా బందీలయ్యారు. జనవరి 13న జలాలాబాద్ చేరిన డాక్టర్ బ్రైడన్ పేరు చరిత్రలో నిలిచిపోయింది. చనిపోయినవాళ్లలో ఎక్కువ మంది భారతీయులే. వాళ్ల పేర్లు మాత్రం నిలవలేదు.

1843కల్లా దోస్త్ మొహమ్మద్ తిరిగి కాబూల్ గద్దె ఎక్కారు. ఏ రాజును దించడానికి యుద్ధం మొదలుపెట్టారో, అదే రాజు మళ్లీ వచ్చాడు. అంటే ఆ యుద్ధంలో జరిగిన మార్పు అఫ్గానిస్తాన్‌లో చెరిగిపోయింది. కానీ ఆ యుద్ధ భయంతో ఇక్కడ జరిగిన మార్పు చెరగలేదు. కర్నూలు తిరిగి రాలేదు. ఉదయగిరి జాగీరు కూడా తిరిగి రాలేదు.

ఈసారి దుర్గం ఎక్కితే..

ఉదయగిరి కొండ ఎక్కేవాళ్లు రాయల ముట్టడి గురించి చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. గెలిచిన యుద్ధాల కథలు గుర్తుంచుకోవడం తేలిక. కోట గోడ కూలకుండా, గుండు పేలకుండా, ఒక ఆర్డరు కాగితంతో ముగిసిపోయిన కథలే మరుగున పడిపోతాయి.

కొండ మీద మసీదు పక్కన కాసేపు కూర్చుని కిందికి చూస్తే ఊరు మొత్తం కనిపిస్తుంది. 1839లో ఆ ఊరి పెద్దను చెంగల్పట్టుకు పంపించారు. ఆయన కుట్ర చేశారా లేదా అన్న వాదన చరిత్రకారుల మధ్య నడుస్తూనే ఉంది. కానీ ఒక్క విషయం మాత్రం తేలిపోయింది. కాబూల్ యుద్ధం సెగ కాబూల్‌తోనే ఆగలేదు.. వెలిగొండల కింద ఉన్న ఈ ఊరిదాకా వచ్చింది.