మచ్చ కింద నరం

పెంటపాడులో ఆశా కార్యకర్త ఇంటికొచ్చి స్పర్శ తెలియని మచ్చలేమైనా ఉన్నాయా అని అడిగితే, చాలామంది అదేదో చర్మం గొడవనుకుంటారు. ఆమె వెతికేది కుష్ఠు కోసం. మచ్చ పైకి కనబడే గుర్తు మాత్రమే. అసలు దెబ్బ నరానిది.

చేతుల్లో, కాళ్లలో నరపు పోగుల చుట్టూ ష్వాన్ కణాలు మయలిన్ అనే కొవ్వు పొరను చుట్లుచుట్లుగా చుడతాయి. మందపు పొర ఉన్న పోగులో సంకేతం సెకనుకు వంద మీటర్ల దాకా పరుగెడుతుంది. పొర లేని సన్నపోగులో ఒక మీటరు దాటడమే కష్టం. ఎన్ని చుట్లు కావాలో చెప్పేది పోగే: దాని మీద న్యూరెగ్యులిన్ అనే ప్రోటీన్ ఎక్కువుంటే పొర మందమవుతుందని 2004లో చిట్టెలుకల్లో తేలింది.

ష్వాన్ కణం మీద ఆ మాట అందుకునే గ్రాహకాలు ఎర్బ్‌బి-3, ఎర్బ్‌బి-2. వింత జంట. మొదటిది వింటుంది గాని గట్టిగా పలకలేదు. రెండోదానికి గొంతుంది, చెవి లేదు. రెండూ జతకూడితేనే కబురు కణం లోపలికి చేరుతుంది.

ఆ గొంతు ఆగకుండా పలికితే? ఎర్బ్‌బి-2 జన్యువు బయటపడిందే ఎలుకల నాడీ కణితుల్లో. 1980ల మొదట్లో దాన్ని పట్టుకున్న రాబర్ట్ వైన్‌బర్గ్ బృందంలో మన దేశపు ఎల్.సి. పాఢీ కూడా ఉన్నారు. ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, పిలుపు లేకుండానే గ్రాహకం పలుకుతూ ఉంటుందని 1986లో తెలిసింది. అదే మార్పు ఎలుకల ష్వాన్ కణ గడ్డల్లోనూ కనబడింది. రొమ్ము క్యాన్సర్ రిపోర్టుల్లో రాసే ‘హెర్-2’ కూడా ఇదే. అక్కడ ఇబ్బంది మార్పుతో కాదు, గ్రాహకాలు మితిమీరి ఉండటంతో.

కుష్ఠు క్రిమి చేసేదీ ఇలాంటి పనే. అది ఎర్బ్‌బి-3ని దాటేసి, నేరుగా ఎర్బ్‌బి-2ను పట్టుకుని రేపుతుందని 2006లో అనురా రంబుక్కన బృందం చూపించింది. ఇక్కడ గడ్డ రాదు. సంకేతం శ్రుతిమించడంతో పొర ఊడుతుంది. పొర కట్టించే మాటే మోతాదు దాటితే దాన్ని విప్పించడం నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఎర్బ్‌బి-2ను అడ్డుకుంటే ప్రయోగశాలలో ఆ నష్టం ఆగింది. అయినా రోగికి ఇచ్చేవి ఆ మందులు కావు. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ కలిపి 6 లేదా 12 నెలలు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. అవి క్రిమిని చంపుతాయి. ఎప్పుడో చచ్చిన నరాన్ని మాత్రం తిరిగి తేలేవు. మచ్చకు నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ తొందరపడరు. కళ్లు మూసుకోమని, దూదిపోగుతో తాకి, ఎక్కడ తాకిందో చూపించమనడమే తొలి పరీక్ష. దానికి పట్టేది నిమిషం.