శిశుపాలునికి నూరు, సెంటర్‌కు ఆరు

అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్.బి.ఎ. రికార్డులలో 1984-85 సంవత్సరానికి ఒక విచిత్రమైన ప్రథమ స్థానం నమోదై ఉన్నది. ఆ ఏడాది లీగ్ మొత్తంమీద అందరికంటె ఎక్కువ ఫౌల్స్ చేసినవాడు, అప్పుడే అడుగుపెట్టిన ఒక కొత్త ఆటగాడు. 82 ఆటలలో 344 ఫౌల్స్. అతని పేరు ఓలాజువాన్. నైజీరియాలోని లాగోస్‌లో పుట్టి, హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో ఆడి, 1984 ఎంపికలో మొట్టమొదటివాడుగా హ్యూస్టన్ రాకెట్స్ జట్టులో చేరాడు. ఆ ఎంపికలో మూడవవాడు మైకేల్ జోర్డాన్. మొదట అకీం అని రాసిన పేరును 1991లో హకీం అని మార్చుకున్నాడు. ఇదే మనిషి ఆట విరమించే నాటికి 3,830 షాట్లను అడ్డుకున్నాడు. బ్లాకులను అధికారికంగా లెక్కించడం మొదలైన 1973-74 నుంచి నేటివరకు ఆ సంఖ్యను దాటినవారు లేరు.

తప్పులలో ప్రథముడైన కొత్తవాడే అడ్డుకోవడంలో ఎల్లకాలానికీ ప్రథముడు ఎలా అయ్యాడన్నది పరిశీలించదగిన విషయం. పార్లమెంటు సమావేశాలు లేని వారంలో ఈ శీర్షిక ఇంతపాటి స్వేచ్ఛ తీసుకుంటే పాఠకులు మన్నించగలరు.

ఆటతో పరిచయం లేనివారికి నాలుగు మాటలు చెప్పాలి. సెంటర్ అంటే సాధారణంగా జట్టులో అందరికంటె పొడగరి. బుట్ట దగ్గర కాపలా అతని పని. ప్రత్యర్థి విసిరిన బంతిని గాలిలోనే చేతితో ఆపితే బ్లాక్. అయితే బంతి పైకి లేస్తున్నప్పుడే ఆపాలి. కిందికి దిగడం మొదలైన తరువాత ముట్టుకుంటే బంతి బుట్టలో పడినట్లే లెక్క. బంతికి బదులు విసిరేవాని చేయి తగిలితే ఫౌల్. ఎన్.బి.ఎ.లో 48 నిమిషాల ఆటకు ఆరు ఫౌల్స్, అంతర్జాతీయ పోటీలలో 40 నిమిషాలకు ఐదు. ఎలా చూసినా ఎనిమిది నిమిషాలకు ఒక తప్పు. మేనత్తకిచ్చిన మాట ప్రకారం శ్రీకృష్ణుడు శిశుపాలునికి నూరు తప్పుల వరకు గడువిచ్చాడు. ఇక్కడి రిఫరీకి అంత ఓర్పు లేదు. 1891లో ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ మరీ కఠినుడు. ఆయన రాసిన 13 నియమాల ప్రకారం రెండవ తప్పుకే ఆటగాడు బయటికి నడవాలి. మరొక గోల్ పడేవరకు తిరిగి రాకూడదు.

ఓలాజువాన్ పుట్టుకతో బాస్కెట్‌బాల్ ఆటగాడు కాడు. లాగోస్‌లో అతను ఆడినవి ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్. బాస్కెట్‌బాల్ చేతికి వచ్చేసరికి కౌమారం దాదాపు ముగియవచ్చింది. అతని కాళ్లలోని చురుకుదనం ఆ ఆటల వరమేనని అందరూ అంటారు. నిజమే. కాని అతని తొలి ఏడాది ఫౌల్స్‌లో కూడా ఆ గోల్‌కీపర్ వాటా ఉన్నదని నాకు అనిపిస్తుంది. గోల్‌కీపర్‌కు ప్రతి బంతీ ప్రాణాంతకమే. ఒక్క గోల్‌తో ఆట పోవచ్చు. ‘ఇది పోతే పోనీ’ అనుకునే హక్కు అతనికి లేదు. బాస్కెట్‌బాల్ ధర్మం వేరు. ఎంతటి కాపలాదారు ఉన్నా ఒక ఆటలో ప్రత్యర్థికి నలభై బుట్టలు పడటం మామూలు. అన్నిటినీ ఆపబోయినవాడు అరగంట తిరగకముందే బెంచి మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంటాడు. ఏ బంతికి ఎగరాలో నేర్చుకోవడం సులభం. ఏ బంతిని వదిలివేయాలో నేర్చుకోవడానికే ఏళ్లు పడతాయి.

ఈ బలహీనత అనుభవజ్ఞులకు చక్కగా తెలుసు. బంతిని పైకెత్తి విసరబోయినట్లు నటిస్తారు. కొత్త సెంటర్ గాలిలోకి లేస్తాడు. వీరు నేలమీదనే ఉండి, అతను కిందికి దిగే దారిలోకి తమ భుజాన్ని జరిపి, అప్పుడు తీరికగా విసురుతారు. ఈల మోగుతుంది. తప్పు కొత్తవానిది, రెండు ఫ్రీ త్రోలు పాతవానివి. నిలువుగా ఎగిరి, చేతులు నిటారుగా పైకి చాచి ఉంచినవానిని ప్రత్యర్థి వచ్చి ఢీకొంటే అది ఫౌల్ కాదన్న నియమం లేకపోలేదు. కాని బంతి కళ్లముందు ఊరిస్తుండగా చేతిని ముందుకు దించకుండా నిలపడం మాటలు కాదు. కొత్తవాని విషయంలో రిఫరీ సందేహాన్ని పాతవానికే అనుకూలంగా తీరుస్తాడన్నది ఆటగాళ్ల ఫిర్యాదు. మన సభలలో కొత్త సభ్యుల ఫిర్యాదు కూడా ఇంచుమించు ఇదే!

ఇంతవరకు తప్పు ఆటగాడిది. శిక్ష విధించే దగ్గర శిక్షకుడు ప్రవేశిస్తాడు. మొదటి పావుభాగంలోనే రెండు ఫౌల్స్ అయిన ఆటగాడిని వెంటనే బెంచికి పిలవడం అనాదిగా వస్తున్న ఆచారం. ఆరవ ఫౌల్ వస్తే ఆట నుంచి పోతాడేమోనన్న భయం. ఆ భయంతో అతన్ని ఆట నుంచి తామే తీసివేస్తారు! చివరకు ఆ మనిషి నాలుగు ఫౌల్స్‌తో ఆట ముగిస్తే మిగిలిన రెండూ ఏమైనట్లు? మంజూరైన నిధులను జాగ్రత్త పేరుతో ఖర్చు చేయకుండా అట్టిపెట్టి, మార్చి 31న మురగబెట్టే మన ప్రభుత్వ శాఖల చందంగా ఉన్నది ఈ వ్యవహారం. ఫౌల్ కూడా ఒక నిధే. మరునాటి ఆటకు అది బదిలీ కాదు.

దీనికి సమాధానం లేకపోలేదు. చివరి ఐదు నిమిషాల విలువ మొదటి ఐదు నిమిషాలకు ఉండదనీ, ఐదు ఫౌల్స్ నెత్తిమీద ఉన్న సెంటర్ చేతులు కట్టుకుని నిలబడతాడనీ శిక్షకులు వాదిస్తారు. రెండవ మాటలో బలమున్నది. మొదటిదానిలో అంత లేదు. మొదటి పావుభాగంలో పడిన బుట్టకూ రెండే పాయింట్లు, చివర పడినదానికీ రెండే. రాకెట్స్ శిక్షకుడు బిల్ ఫిచ్ ఈ విషయంలో ధైర్యం చూపాడనే చెప్పాలి. లీగ్‌లోకెల్లా ఎక్కువ ఫౌల్స్ చేస్తున్న కుర్రవాడిని ఆటకు సగటున 35 నిమిషాలకు పైగా ఆడించాడు. పక్కన 7 అడుగుల 4 అంగుళాల రాల్ఫ్ శాంప్సన్ ఉండటం కూడా ఆ ధైర్యానికి ఊతమై ఉండవచ్చు. ముందు ఏడాది 29 ఆటలు గెలిచిన జట్టు ఆ ఏడాది 48 గెలిచింది. సగటున నాలుగుకు పైగా ఫౌల్స్ చేస్తూనే ఓలాజువాన్ 20.6 పాయింట్లు, 11.9 రీబౌండ్లు సాధించాడు. ఆ ఏటి ఉత్తమ నూతన ఆటగాడి గౌరవం మాత్రం జోర్డాన్‌కు దక్కింది.

అతని బ్లాకులు తొలి ఏడాది ఆటకు 2.7. 1989-90 నాటికి అవి 4.6కు చేరాయి, ఫౌల్స్ మాత్రం తగ్గాయి. వృత్తి జీవితం మొత్తంమీద ఫౌల్స్ సగటు మూడున్నర. హ్యూస్టన్‌లోని ఫాండే వ్యాయామశాలలో, విద్యార్థి దశలో, వేసవి సెలవులలో మోజెస్ మలోన్ వంటి మహాబలుడితో తలపడుతూ పొందిన శిక్షణ కూడా ఇందుకు తోడ్పడి ఉంటుంది. మలోన్ తోపులాటకు తట్టుకుని కాళ్లమీద నిలబడగలిగినవానికి గాలిలోకి లేవవలసిన అగత్యం సగం తగ్గుతుంది.

బ్లాకుల సంఖ్యను చూసి మురిసిపోవడం కూడా పొరపాటే. సూడాన్ నుంచి వచ్చిన 7 అడుగుల 7 అంగుళాల మనూట్ బోల్ 1985-86లో, తన తొలి ఏడాదిలోనే, 397 షాట్లను ఆపాడు. కొత్త ఆటగాళ్లలో ఆ రికార్డు నేటికీ చెక్కు చెదరలేదు. కాని ఆటకు నాలుగు పాయింట్లయినా రానందున అతన్ని సగటున 26 నిమిషాలే ఆడించగలిగారు. విక్టర్ వెంబన్యామా అనే ఫ్రెంచి యువకుడు 2023-24లో, తన తొలి ఏడాదిలోనే, 71 ఆటలలో 254 బ్లాకులతో లీగ్‌లో ప్రథముడయ్యాడు. విశేషమేమంటే అతని ఫౌల్స్ ఆటకు రెండు పైచిలుకు మాత్రమే. చేతుల పొడవు ఒక కారణం. ఫ్రాన్సులో చిన్నవయసు నుంచే వృత్తి ఆటగాళ్ల మధ్య మెలగడం మరొకటి. కొత్తవాడన్న పేరు అతనికి అమెరికాలో మాత్రమే చెల్లింది. అయినా ఆ ఏడాది శాన్ ఆంటోనియో జట్టు గెలిచినవి 82లో 22 ఆటలే.

బ్లాకులను లెక్కించని కాలంలో బోస్టన్ జట్టుకు ఆడిన బిల్ రసెల్ ఈ విద్యకు ఆద్యుడు. మెల్బోర్న్ ఒలింపిక్స్ ముగించుకుని 1956 డిసెంబరులో జట్టులో చేరి, ఆ మొదటి ఏడాదే దానిని విజేతగా నిలిపినవారిలో ఒకడయ్యాడు. బంతిని ప్రేక్షకుల మీదికి బాదితే చప్పట్లు వస్తాయి కాని బంతి తిరిగి ప్రత్యర్థికే చెందుతుంది. రసెల్ దానిని మెల్లగా తట్టి తన జట్టువారికి అందించేవాడు. చప్పట్లు తక్కువ, లాభం రెట్టింపు.

1994 జూన్ 19న న్యూయార్క్‌తో జరిగిన ఫైనల్ ఆరవ ఆట చివరి క్షణాలలో హ్యూస్టన్ రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నది. జాన్ స్టార్క్స్ విసిరిన మూడు పాయింట్ల షాట్ పడితే కప్పు న్యూయార్క్‌ది. ఓలాజువాన్ బుట్టను వదిలి అంతదూరం పరుగెత్తి, వేలికొనలతో బంతిని తాకాడు. మనిషిని తాకలేదు. 86-84. ఏడవ ఆట కూడా గెలిచి హ్యూస్టన్ విజేత అయింది.

మన దేశం విషయానికొస్తే, పంజాబులోని బల్లో కే గ్రామం నుంచి లూధియానా అకాడమీకి, అక్కడినుంచి 2010లో ఫ్లారిడాకు వెళ్లిన సత్నామ్ సింగ్‌ను 2015లో డల్లాస్ జట్టు 52వ ఎంపికగా తీసుకున్నది. భారతదేశంలో పుట్టినవారిలో ఆ గౌరవం పొందిన మొదటివాడతను. 7 అడుగుల 2 అంగుళాల సెంటర్. అనుబంధ జట్టులో ఆడాడు కాని ఎన్.బి.ఎ. అసలు పోటీలలో ఒక్క నిమిషం ఆడే అవకాశం రాలేదు. ఫౌల్ చేసి బయటికి పోవడానికైనా ముందు లోపలికి పిలుపు రావాలి కదా!