"మీకేం పోతుందన్నా?" – జపాను కార్టూన్లు, మన సబ్‌టైటిళ్ళు



మొన్న ఒక ఆదివారం హాస్టల్‌కు వచ్చినప్పుడు పదో తరగతి తమ్ముళ్ళు మమ్మల్ని ఒక కోరిక కోరారు. మేము ముగ్గురం కూర్చుని తెలుగు సబ్‌టైటిళ్ళు రాసిన జపాను సినిమాను టెలిగ్రామ్‌లో పెట్టమన్నారు. "అందరూ చూస్తారు గదన్నా, మీకేం పోతుంది?" అన్నారు. అప్పటికప్పుడు సమాధానం చెప్పలేకపోయాం. సంచికకు ఏదైనా రాయమని ఎలాగూ అడిగారు కాబట్టి, ఆ సమాధానమే ఇక్కడ రాస్తున్నాం.

ఆ సినిమా పేరు గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్. ఇసావో తకహత 1988లో తీశాడు. యుద్ధం చివరి నెలల్లో కోబె నగరం మీద బాంబులు పడి తల్లి చనిపోతే, సెయిత అనే అన్న, సెత్సుకో అనే చిన్న చెల్లెలు ఎలా బతకడానికి ప్రయత్నించారన్నదే కథ. 2017లో ఒక సీనియర్ అన్న పెన్‌డ్రైవ్‌లో తెస్తే టీవీ గదిలో చూశాం. కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తుతుంటే సగం అందలేదు. అయినా చివరికి ఎవరూ మాట్లాడలేదు. రాత్రి అన్నానికి బెల్లు కొట్టినా లేవలేదు.

పీజీలో చేరాక దానికి తెలుగు రాయాలనిపించింది. మాకు జపనీస్ రాదు, ఇంగ్లీషు వరుసలు చూసే రాశాం. సెత్సుకో మాటిమాటికీ "నీచాన్" అని పిలుస్తుంది. మొదట్లో అదేదో తిట్టనుకున్నాం! అర్థం 'అన్నయ్యా' అని తర్వాత తెలిసింది. మా దగ్గరున్న ఇంగ్లీషులో చాలాచోట్ల ఆ పిలుపే లేదు. తెలుగులో దాన్ని మళ్ళీ పెట్టగలిగాం. ఆ ఒక్క మాట కోసమైనా మా పని నలుగురికీ చేరాలని మాకూ ఉంది. కాబట్టి ఈ వ్యాసం బయట నిలబడి తీర్పు చెప్పే వాళ్ళది కాదు.

ఇలా అభిమానులే అనువదించి పంచుకునే సబ్‌టైటిళ్ళను 'ఫ్యాన్‌సబ్' అంటారు. 1980ల చివర్లో అమెరికాలో మొదలైంది. అప్పుడు ఇంటర్నెట్ లేదు. జపాను నుంచి వచ్చిన వీడియో క్యాసెట్టును ఆడిస్తూ, అమిగా అనే కంప్యూటరుతో దాని మీద అక్షరాలు వేసి ఇంకో క్యాసెట్టులోకి ఎక్కించేవారు. కావలసినవాళ్ళు ఖాళీ క్యాసెట్టు, పోస్టు ఖర్చు పంపితే కాపీ చేసి పంపేవారు. అమ్మకానికి కాదు, అద్దెకు కాదు అని తెర మీదే రాసేవారు. ఎవరైనా కంపెనీ ఆ బొమ్మ హక్కులు కొని విడుదల చేస్తే పంచడం ఆపేయాలన్నది వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. చట్టం దాన్ని ఎప్పుడూ గుర్తించలేదు. అయినా చాలామంది పాటించారు. కాపీకి కాపీ తీసేకొద్దీ బొమ్మ మసకబారేది కాబట్టి అసలు క్యాసెట్టుకు పోటీ కూడా పెద్దగా లేదు.

2001లో బిట్‌టొరెంట్ వచ్చాక సంగతి మారిపోయింది. వెయ్యో కాపీ కూడా మొదటి కాపీ అంత శుభ్రంగానే ఉంటుంది. 2004 డిసెంబరులో మీడియా ఫ్యాక్టరీ అనే జపాను కంపెనీ తన కార్యక్రమాలను పంచడం ఆపమని లాయర్ల ద్వారా ఫ్యాన్‌సబ్ బృందాలకు లేఖలు పంపింది. అమెరికాలో ఇంకా ఎవరూ కొనలేదు కదా అన్న పాత సాకు అక్కడితో చెల్లకుండా పోయింది.

తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. 2006లో మొదలైన క్రంచీరోల్ అనే సైటులో మొదట్లో ఉన్నవి ఎక్కువగా జనం ఎక్కించిన ఫ్యాన్‌సబ్బులే. దానికే పెట్టుబడిదారులు డబ్బు పెట్టారు. 2009 జనవరిలో అనుమతి లేనివన్నీ తీసేసి, టీవీ టోక్యోతో ఒప్పందం చేసుకుని నరుటో షిప్పుడెన్‌ను జపానులో ప్రసారమైన గంటలోనే సబ్‌టైటిళ్ళతో ఇవ్వడం మొదలుపెట్టింది. 2021లో సోనీ దాన్ని 117 కోట్ల 50 లక్షల డాలర్లకు కొన్నది. రాత్రులు మేలుకొని ఉచితంగా అనువదించిన కుర్రాళ్ళకు అందులో ఒక్క డాలరు రాలేదు. ఇది తలుచుకుంటే మాకు ఇప్పటికీ మండుతుంది.

ఇక చట్టం సంగతి. సినిమాకు సబ్‌టైటిళ్ళు వేసి పంచినప్పుడు ఒకటి కాదు, రెండు హక్కులు దెబ్బతింటాయి. మొదటిది సినిమాను కాపీ చేసే హక్కు. ఇది అందరికీ తెలిసిందే. రెండోది చాలామందికి తట్టదు. సినిమాలోని మాటలు రాసినవాడి సొత్తు, వాటిని వేరే భాషలోకి మార్చే హక్కూ అతనిదే. 1886 నాటి బెర్న్ ఒప్పందంలోనే ఇది ఉంది. జపాను 1899లో, మన దేశం 1928లో అందులో చేరాయి. మన 1957 కాపీరైటు చట్టం 14వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. అంటే సినిమా లేకుండా ఉత్త సబ్‌టైటిల్ ఫైలు పెట్టినా చిక్కే. నెదర్లాండ్స్‌లో సబ్‌టైటిళ్ళు రాసేవాళ్ళు ఇదే విషయంపై కోర్టుకెక్కితే 2017లో ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు వాళ్ళకు వ్యతిరేకంగానే చెప్పింది.

"డబ్బు తీసుకోలేదు కదా" అన్నది మనందరి వాదన. మన చట్టం 63వ సెక్షన్ ప్రకారం తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం చేయలేదని తేలితే, తగిన కారణాలు రాసి శిక్ష తగ్గించే వీలు జడ్జికి ఉంది. తగ్గిస్తారు గాని తప్పు లేదనరు. డబ్బు కలిస్తే ఏమవుతుందో చైనాలో చూశాం. రెన్‌రెన్ యింగ్‌షి అనే పెద్ద సబ్‌టైటిల్ బృందంపై 2021లో షాంఘై పోలీసులు దాడి చేసి 14 మందిని పట్టుకున్నారు. దాన్ని నడిపినవాడికి మూడున్నరేళ్ళ శిక్ష పడింది.

మరి విద్యార్థులకు ఏ వెసులుబాటూ లేదా? ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసులో 2016లో హైకోర్టు విద్యార్థుల పక్షాన తీర్పు చెప్పింది. అయితే అది పాఠాల కోసం తీసే కాపీల సంగతి. సినిమాకు అది వర్తించదు. 52వ సెక్షన్‌లో ఇంకొకటి ఉంది. విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా విద్యార్థులకు, సిబ్బందికి, తల్లిదండ్రులకు మాత్రమే సినిమా వేస్తే ఉల్లంఘన కాదు. హాస్టల్ 'విద్యాసంస్థ' కిందికి వస్తుందో రాదో వాదించుకోవచ్చు. టెలిగ్రామ్ మాత్రం ఏ వాదనతోనూ రాదు.

చట్టం ఒకటి, న్యాయం ఒకటి అనే అన్నలూ ఉన్నారు. వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. జపానులో ఒక సీరియల్‌కు కొన్ని కంపెనీలు కలిసి కమిటీగా డబ్బు పెడతాయి. బొమ్మలు గీసే స్టూడియోకు చాలాసార్లు ముందే మాట్లాడుకున్న మొత్తమే దక్కుతుంది, లాభం కమిటీది. అక్కడి యానిమేటర్ల సంఘం సర్వేలో 2013లో కింది స్థాయి చిత్రకారుల సగటు సంపాదన ఏడాదికి 11 లక్షల యెన్‌లే. మనం చందా కట్టినంత మాత్రాన అది నేరుగా గీసినవాడి జేబులోకి వెళ్ళదు. కాని మనం కట్టకపోతే వెళుతుందా? తర్వాతి బొమ్మకు డబ్బు పెట్టేవాళ్ళు లెక్క చూసుకునేది దాన్నే. కూలి తక్కువిచ్చే ఆసామి పొలంలో మనం కంకులు కోసుకుపోతే ఆ కూలీకి ఒరిగేదేమీ లేదు.

మాకు బలంగా అనిపించే వాదన ఒక్కటే, దొరకకపోవడం. 2017లో ఆ సినిమాను మన భాషలో కొని చూసే దారి మాకు కనిపించలేదు. ఇప్పుడు ఆ మాట పూర్తిగా నిలవదు. 2022లో క్రంచీరోల్ మన దేశంలో నెల చందాను 79 రూపాయలకు తగ్గించింది. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ సినిమా తెలుగు మాటలతోనే హాళ్ళలోకి వచ్చింది. మా గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్ కూడా 2024లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. కాస్మెటిక్ ఛార్జీల కోసం ఎదురుచూసే తమ్ముడికి 79 రూపాయలు కూడా డబ్బే, అది మాకు తెలుసు. కానీ డబ్బు లేకపోవడం వేరు, ఎక్కడా దొరక్కపోవడం వేరు. రెంటినీ కలిపి మాట్లాడకూడదు.

ఇంకో సంగతి. మా ఇంట్లో డిగ్రీ దాటింది మేమే మొదలు, అమ్మకు చదువు రాదు. ఒకసారి ఇంటి దగ్గర ఈ సినిమా పెడితే, మేమెంతో కష్టపడి రాసిన తెలుగు ఆమెకు ఇంగ్లీషుతో సమానమే అయింది. పక్కన కూర్చుని ఒక్కో వరుసా చదివి చెప్పాం. సెత్సుకో మిఠాయి డబ్బాలో పోసిన నీళ్ళు తాగే చోట ఆపమంది.

ముగ్గురం మాట్లాడుకుని, సినిమానూ ఫైలునూ ఎక్కడా పెట్టకూడదనుకున్నాం. ఉచితంగా పంచడానికి అనుమతి ఇస్తారేమో అడుగుతూ జపానుకు ఒక ఉత్తరం రాస్తున్నాం. ఇంగ్లీషు మేడం దిద్దుతున్నారు. జవాబు వస్తుందన్న ఆశ పెద్దగా లేదు. వార్డెన్ గారు ఒప్పుకుంటే, వచ్చే రెండో శనివారం చందా ఉన్న ఫోనును టీవీకి తగిలించి టీవీ గదిలో సినిమా వేద్దాం. తెలుగు మేమే పక్కన కూర్చుని చదువుతాం. సెత్సుకో మాటలు చదవడానికి ఆరో తరగతి తమ్ముడు ఒకడు కావాలి, గొంతు సన్నగా ఉన్నవాడు ముందే పేరివ్వండి.