బల్బు మార్చేస్తే ఉద్యోగం రాదు!

'పాత అంబాసిడర్ కారుకి బ్రేక్ లైట్లు వెలగట్లేదు. ఏం చేస్తారు?' ఆటోమొబైల్ ఇంటర్వ్యూలో ఇలా అడిగితే 'బల్బు మారుస్తా' అనేయకండి. పోయింది ఒక లైటా, రెండూనా అన్నది ముందు చూడాలి.

ఒక్కటే పోతే బల్బు, తుప్పు పట్టిన హోల్డర్, ఎర్త్ వైరు చూడండి. రెండూ పోతే ముందు ఫ్యూజు, తర్వాత బ్రేక్ స్విచ్. ఇగ్నిషన్ ఆన్ చేసి, స్విచ్ దగ్గరి రెండు వైర్లనూ క్షణంపాటు కలపండి. లైట్లు వెలిగాయా? లోపం స్విచ్‌దే. లేదంటే టెస్ట్ ల్యాంపుతో కరెంటు ఎక్కడిదాకా వస్తోందో వెతకాలి.

పాత బండికి స్కానర్ పెట్టే వీలుండదు, బుర్ర పెట్టాల్సిందే. బ్రేక్ వేసినట్టు వెనకవాళ్లకి తెలియకపోతే ప్రాణాలమీదికొస్తుంది. ఐటీఐ అయినా బీటెక్ అయినా, ఎదుటివాళ్లు గమనించేది మీరు లోపాన్ని పట్టుకునే పద్ధతినే.