పంటకు పన్ను లేదు, పాన్ ఎందుకు?

విజయవాడ: పంట ఆదాయంపై ఆదాయపు పన్ను లేదు. అందుకే కృష్ణా డెల్టా పల్లెల్లో పాన్ కార్డు మనకెందుకు అనేవారున్నారు. కార్డు తీసుకుంటే పన్ను పడుతుందన్న భయమూ ఉంది. అది ఉత్త భయమే.

ఉయ్యూరు వైపు రైతొకరు ఎకరం అమ్మి, ఆ సొమ్ము బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేశారనుకోండి. దాని వడ్డీ పంట ఆదాయం కాదు. అది ఏడాదికి 50 వేలు, 60 ఏళ్లు నిండినవారికైతే లక్ష దాటితే బ్యాంకు ముందే పన్ను పట్టుకుంటుంది. పాన్ ఇచ్చినవారికి నూటికి 10 రూపాయలు, ఇవ్వనివారికి 20. అంటే 60 వేల వడ్డీలో 6 వేలు పోవలసిన చోట 12 వేలు పోతాయి. పన్ను కట్టేంత ఆదాయం లేదని ముందే రాసిచ్చి ఈ కోత తప్పించుకోవచ్చు గాని, ఆ కాగితం మీదా పాన్ వేయాలి. పోయిన సొమ్ము రాబట్టేందుకు రిటర్ను వేయాలన్నా అదే కావాలి.

అసలు చిక్కు ఇంటిపేరుతో. మనవాళ్లు దాన్ని పొడి అక్షరంతో సరిపెడతారు. పాన్ దరఖాస్తులో అలా కుదరదు, పూర్తిగా రాయాలి. ఆధార్‌లో పేరు ఒకలా, పాన్‌లో మరోలా ఉంటే రెండూ జతపడవు. జతపడని పాన్‌లు 2023 జూలై 1 నుంచి పనిచేయడం మానేశాయి. వాటికీ 20 రూపాయల కోతే. వెయ్యి రూపాయల రుసుము కట్టి జత చేయించుకుంటే మళ్లీ పనికొస్తాయి.

ఇంతవరకు పాన్ లేనివారికి, ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపి ఉంటే, ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో ఉచితంగానే ఇస్తారు.