గర్భిణికి తలనొప్పి వస్తే ముందు బీపీ చూపించండి

కడుపుతో ఉన్న అమ్మాయికి కాళ్ళు వాస్తే "నీరు పట్టింది, కాన్పయితే అదే పోతుంది" అంటారు మన ఇళ్ళలో. చాలామంది విషయంలో అది నిజమే. సాయంత్రం వాచిన పాదాలు రాత్రి పడుకుని లేచేసరికి తగ్గితే భయం లేదు. పొద్దున్నే ముఖం ఉబ్బి, వేలి ఉంగరం బిగుసుకుపోయి, తలనొప్పి కూడా ఉంటే మాత్రం ఊరుకోకూడదు.

20 వారాలు దాటాక బీపీ 140/90కి గాని, ఆపైకి గాని చేరి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. మొదట్లో ఏ బాధా ఉండదు. అమ్మాయి ఇంటిపని చేసుకుంటూనే ఉంటుంది. చూపు మసకబారడం, కుడి పక్కటెముకల కింద నొప్పి, మూత్రం తగ్గడం కనిపించేసరికి జబ్బు ముదిరినట్టే. ఆ నొప్పిని గ్యాస్ అనుకుని సోడా తాగించేవాళ్ళున్నారు. ఇంకా ముదిరితే ఫిట్స్ వస్తాయి. పాతవాళ్ళు గుర్రపువాతం అన్నది దీన్నే.

ఫిట్స్ చూసి గాలి సోకిందని తాయెత్తు కోసం పరుగెత్తితే విలువైన సమయం పోతుంది. దువా తప్పక చేయండి, 108 బండిలో కూర్చుని చేయండి. బండి వచ్చేలోగా ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో స్పూను కుక్కడం, నీళ్ళు పోయడం వద్దు. ఆస్పత్రిలో మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షను ఇస్తారు. ఈ జబ్బుకు అసలు వైద్యం కాన్పే. నెలలు నిండకుండానే కాన్పు చేయాలని డాక్టరు చెబితే డబ్బు కోసమేనని కొట్టిపారేయకండి.

తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. చీరలు, గాజులు, మిఠాయిలు వెంట వెళ్తాయి. ఫైలు అత్తగారింటి బీరువాలో ఉండిపోతుంది! మొదటి నెలల్లో బీపీ ఎంత ఉండేదో కొత్త డాక్టరుకు ఎలా తెలుస్తుంది? తల్లీబిడ్డల రక్షణ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, మాత్రల చీటీ ముందు సర్దండి. ఆపరేషన్, రక్తం, పసిబిడ్డల వైద్యం ఉన్న ఆస్పత్రి ఏదో ముందే తేల్చుకోవాలి. ఆడ డాక్టరే కావాలనుకుంటే అదీ అప్పుడే కనుక్కోవాలి. గల్ఫ్‌లో ఉన్న అల్లుడికి ఫోన్ కలిసేదాకా సంతకం ఆపే ఇళ్ళున్నాయి; అతనితో ఆ మాట ఈరోజే అనిపించండి.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. అక్కడ కాన్పుకు, సిజేరియన్ అయినా సరే, డబ్బు కట్టనక్కర్లేదు.

బీపీ మాత్రలు వాడే గర్భిణి రంజాన్ రోజాల గురించి డాక్టరును అడగాలి. కడుపుతో ఉన్నవారికి షరీఅత్‌లో సడలింపు ఉంది. మాత్ర మానేసి రోజా ఉండమని ఇంట్లో ఎవరూ పట్టుబట్టకూడదు.

కాన్పు తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు, ముఖ్యంగా మొదటి వారంలో. బాలింత తలనొప్పి అంటే చల్లగాలి తగిలిందని చెవుల్లో దూది పెడతారు. దూది పెట్టండి, కానీ ఆ రోజే బీపీ కూడా చూపించండి.